ఏ తోపు?

మావాడి నోట్‌బుక్కులో పన్నెండు కథలున్నాయి. పన్నెండింటిలోనూ నాయకుడు ఒకడే, పేరు మాత్రం మారుతుంటుంది. ఊళ్లోకి వరదొస్తే కుర్రాళ్లను పోగేసి ఇసుక బస్తాలు వేయిస్తాడు. బస్సు బోల్తా పడితే చొక్కా చింపి కట్లు కడతాడు. ప్రతి కథా కలెక్టరుగారి చేతుల మీదుగా జ్ఞాపిక అందుకోవడంతో ముగుస్తుంది. ఇవి వాడు రాసినవి కావు. కూకట్‌పల్లిలో వీధికి నాలుగు చొప్పున వెలిసిన కోచింగ్ సెంటర్లలో ఒకటి జిరాక్సు తీసి పంచితే, వాడు కుదురుగా ఎత్తి రాసుకున్నాడు.

వాడు ఇంటర్ రెండో సంవత్సరం. ఎన్‌డీఏ రాతపరీక్ష గట్టెక్కాడు, ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూకి వెళ్లాలి. అక్కడ తెర మీద ఒక బొమ్మ ముప్పై సెకన్లు చూపిస్తారు. దాని మీద నాలుగు నిమిషాల్లో కథ రాయాలి. అలా పదకొండు బొమ్మలు. పన్నెండోది ఖాళీ తెర. బొమ్మ ఉండదు, నీ కథ నువ్వే అల్లుకోవాలి. ఆ ఖాళీ తెరకి కూడా సెంటరువాళ్లు కథ ఇచ్చేశారు!

ఆ ఆదివారం మా ఆవిడ మేనమామ భోజనానికొచ్చాడు. కేపీహెచ్‌బీలోనే, మాకు రెండు వీధుల అవతల ఉంటాడు. పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఆయన సొంతూరు. ఇంటికొకరు సైన్యంలో ఉంటారని పేరుపడి మిలిటరీ మాధవరం అయిపోయిన ఊరు. బీఏ అయ్యాక ఎడ్యుకేషన్ కోర్‌లో హవల్దారుగా చేరి, పచ్‌మఢీలో శిక్షణ పొంది, ఇరవయ్యారేళ్లు జవాన్లకు చదువూ రాతా నేర్పి సుబేదార్ మేజరుగా బయటికొచ్చాడు. మా ఆవిడ హైటెక్ సిటీలో టెక్నికల్ రైటరు. సాఫ్ట్‌వేరు ఎలా వాడాలో చెప్పే పుస్తకాలు రాస్తుంది, పధ్నాలుగేళ్లుగా. ఇద్దరిదీ ఒకటే పని అని నాకెప్పుడూ అనిపిస్తుంది. ఆ మాట ఇద్దరి దగ్గరా అనకూడదు. నేను చిక్కుడుకాయలు ఒలుస్తూ విన్నది ఇది.

మేనకోడలు: చూశారా మావయ్యా? రేపు దేశానికి ఆఫీసరు కావలసిన పిల్లాడు వల్లె వేస్తున్న సాహిత్యం!

మావయ్య: పొయ్యిలో పెట్టు. అక్కడ కూర్చున్న సైకాలజిస్టు ఈ వరద కథ ఎన్ని వేలసార్లు చదివుంటాడో. మొదటి లైనుకే తెలిసిపోతుంది. కోచింగువాళ్లను చూపించి సైన్యాన్ని తిట్టకు, అమ్మాయ్.

మేనకోడలు: సైన్యాన్నే అంటాను. ఎన్‌డీఏ రాతపరీక్ష మొత్తం 900 మార్కులు. లెక్కలు 300, మిగతాది 600, అందులో ఇంగ్లీషు 200. తొమ్మిదివందల మార్కులకీ సున్నాలు దిద్దడమే తప్ప ఒక్క వాక్యం రాసే పని లేదు. కలెక్టరు కావాలనుకున్నవాడికి మెయిన్స్‌లో 250 మార్కులకి వ్యాసం పెడతారు. కల్నలు కావలసినవాడికి వ్యాసం వద్దా? సున్నాలు దిద్దినవాణ్ణి తీసుకెళ్లి హఠాత్తుగా నాలుగు నిమిషాల్లో కథ రాయమంటే, వాడు జిరాక్సు షాపుకి పోక ఎక్కడికి పోతాడు?

మావయ్య: చేరేముందు రాత రాకపోతే కొంప మునగదు. చేరాక నేర్పుతారు. ఎందుకు నేర్పుతారో తెలుసా? బలక్లావా వల్ల.

మేనకోడలు: వచ్చింది బలక్లావా.

(మా ఇంట్లో పెళ్లిళ్లకీ పేరంటాలకీ కూడా ఈ కథ వస్తుంది. అయినా ఆయన చెబుతుంటే వినబుద్ధేస్తుంది.)

మావయ్య: 1854 అక్టోబరు 25. క్రిమియా యుద్ధం. ఇంగ్లీషు సేనాపతి రాగ్లన్ ప్రభువు కొండ మీద ఉన్నాడు. అక్కణ్ణించి ఆయనకి మైదానం మొత్తం అరచేతిలో ఉన్నట్టు కనిపిస్తోంది. పక్క గుట్టల మీద తమవాళ్లు వదిలేసిన తోపుల్ని రష్యావాళ్లు లాక్కుపోతున్నారు. గుర్రపు దళాన్ని పంపి వాటిని ఆపించాలనుకున్నాడు. చెప్పాడు, ఎయిరీ అనే అధికారి కాగితమ్ముక్క మీద పెన్సిల్‌తో రాశాడు, నోలన్ అనే కెప్టెన్ గుర్రం మీద దూకించుకుంటూ కిందికి తెచ్చాడు. కింద లోయలో గుర్రపు దళం అధిపతి లూకన్ ఉన్నాడు. చీటీ విప్పాడు. తోపులు తీసుకుపోకుండా శత్రువుని అడ్డుకోమని ఉంది. కానీ ఆయనున్నచోటు నుంచి గుట్టల మీద ఏముందో కనపడదు! కనపడేవల్లా లోయ చివర రష్యావాళ్లు బారులు తీర్చి నిలబెట్టిన సొంత తోపులే. ఏ తోపులయ్యా అని అడిగాడు. నోలన్ విసురుగా చెయ్యి అటు ఊపాడు. ఎటో అటు! దాదాపు 670 మంది గుర్రాల మీద తిన్నగా తోపుల నోట్లోకి పోయారు. నూట పది మంది దాకా చచ్చారు. ముందు చచ్చినవాళ్లలో ఆ నోలనే ఒకడు. అడుగుదామన్నా మనిషి లేడు.

మేనకోడలు: మాధవరంలో అయితే ఇంకా గందరగోళం. తోపు అంటే మామిడి తోపా, సరుగుడు తోపా అని అడుగుతారు.

మావాడు (గదిలోంచి): మా కాలేజీలో అయితే తోపు అంటే క్లాస్ ఫస్టు!

మావయ్య: నవ్వండి నవ్వండి. నేను ఇరవయ్యారేళ్లు బోర్డు మీద రాసింది ఆ ఒక్క ప్రశ్నే: ఏ తోపు? రాసేవాడు కొండ మీదుంటాడు. చదివేవాడు లోయలో ఉంటాడు. నీకు కనపడేది వాడికి కనపడదు. ఈ ముక్క ఒంటబట్టడానికే ఇంతింత కాలేజీలు. క్రిమియాలో పరువు పోయాక 1858లో ఇంగ్లండులో కాంబర్లీ స్టాఫ్ కాలేజీ. మన దేశంలో 1905లో దేవ్‌లాలీలో మొదలుపెట్టి, 1907కి క్వెట్టాకి మార్చారు. దేశం విడిపోతే క్వెట్టా అటు పోయింది, మనది నీలగిరుల్లో వెల్లింగ్టన్‌లో పెట్టుకున్నాం. ఎక్కడికి మారినా పాఠం మారలేదు. ఉత్తరువు అయిదు భాగాలు. పరిస్థితి ఏంటి, మన పని ఏంటి, ఎలా చెయ్యాలి, తిండీ మందులూ తూటాలూ ఎక్కణ్ణించి, ఎవరి మాట ఎవరు వినాలి, ఏ వైర్‌లెస్‌లో. ప్రతి పేరాకీ నంబరు. ఊరి పేరు పెద్దక్షరాల్లో. టైము ఇరవై నాలుగ్గంటల లెక్కలో. ‘సుమారు’, ‘త్వరలో’, ‘ఆ దగ్గర్లో’ అన్నావో, ఎర్ర సిరా.

మేనకోడలు: అది రాయడం కాదు మావయ్యా, ఫారం నింపడం.

మావయ్య: నువ్వు రాసే మాన్యువల్ మరేంటి? ఒకటి, ఈ బటన్ నొక్కు. రెండు, ఆ బటన్ నొక్కు.

మేనకోడలు: అదే! ఆ పని చేస్తున్నదాన్ని కాబట్టే చెబుతున్నా. నంబర్లు వేసి రాయడంలో ఎంత సుఖముందో నాకు తెలుసు. ఆలోచించక్కర్లేదు. ఇంకో సుఖం కూడా ఉంది. దాక్కోవచ్చు. మా పాత కంపెనీ ఒకదాంట్లో ఒక అప్‌డేట్ వల్ల జనాల డేటా పోయింది. నాతో ఏమని రాయించారో తెలుసా? ‘కొన్ని సందర్భాలలో సమాచార నష్టం సంభవించి ఉండవచ్చు.’ ఎవరు పోగొట్టారు? ఎవరూ కాదు. అదే సంభవించింది, వానలాగా. మీ రిపోర్టుల్లోనూ అంతేగా? కాల్పులు జరిగినవి. నష్టం వాటిల్లినది. విచారణకు ఆదేశించడమైనది. కర్త లేని వాక్యం పట్టుకుని ఎంత పెద్ద కాలేజీ అయినా నడపొచ్చు.

(మావయ్య దీనికి వెంటనే జవాబు చెప్పలేదు. నీళ్లు తాగాడు. నా లెక్కలో ఇది ఆవిడ గెలిచిన గడి.)

మావయ్య: సరే, ఒప్పుకుంటా. ఉత్తరువులో కర్త ఉంటాడు, రిపోర్టులో మాయమవుతాడు. ఉత్తరువు జరగబోయేదాని గురించి. రిపోర్టు జరిగిపోయినదాని గురించి. తల ఎవరిది పోతుందో అన్న భయం రిపోర్టులోనే ఉంటుంది. కానీ ఆ తప్పు పేరా నంబరుది కాదమ్మా. భయానిది.

మేనకోడలు: భయం పోగొట్టే పాఠం ఏ కాలేజీలో చెప్పారు? నాకు తెలిసి సైన్యంలో బాగా రాసినవాళ్లంతా దొంగచాటుగా రాసినవాళ్లే. అమెరికాలో వెస్ట్ పాయింట్ ఉంది, 1802 నాటిది. థేయర్ అనే ఆయన 1817 నుంచి పదహారేళ్లు దాన్ని నడిపాడు. లెక్కలు, ఇంజనీరింగు, రోజూ నల్లబల్ల దగ్గర నిలబెట్టి పాఠం అప్పజెప్పించుకోవడం. ఫ్రెంచి కూడా నేర్పేవారట, ఎందుకో తెలుసా? కోటల ఇంజనీరింగు పుస్తకాలు ఫ్రెంచిలో ఉన్నాయి కాబట్టి. ఆ రోజుల్లోనే అక్కడికి ఒక కుర్రాడొచ్చాడు, ఎడ్గార్ అలెన్ పో. 1830లో చేరాడు. కవాతులకీ క్లాసులకీ ఎగ్గొట్టి, 1831లో కోర్ట్ మార్షల్ చేయించుకుని బయటపడ్డాడు. అక్కడి రికార్డుల్లో ఆయనకి రాత వచ్చినట్టు లేదు, డ్యూటీ ఎగ్గొట్టినట్టు ఉంది.

మావయ్య: పూర్తిగా చెప్పు మరి. పోతూపోతూ కవితల పుస్తకం అచ్చేసుకుంటానంటే చందాలిచ్చింది ఎవరు? తోటి క్యాడెట్లు! పుస్తకం అంకితమిచ్చింది కూడా వాళ్లకే.

మేనకోడలు: వాళ్లు చందాలిచ్చింది ఆఫీసర్ల మీద వెటకారం పద్యాలుంటాయని. తీరా చూస్తే చందమామా విషాదమూ. డబ్బులు దండగని ఏడ్చారు పాపం.

మావయ్య: (నవ్వుతూ) అది నిజమే. సరే, పో ఎగ్గొట్టినవాడు. గ్రాంట్ ఎగ్గొట్టలేదుగా? 1843లో అక్కడే పాసయ్యాడు. అమెరికా అంతర్యుద్ధంలో ఆయన పంపిన ఉత్తరువుల్లో అర్థం కానిది లేదంటారు. రెండోసారి చదవక్కర్లేదు. తర్వాత ప్రెసిడెంటయ్యాడు, ఉన్న డబ్బంతా పోగొట్టుకున్నాడు, గొంతు క్యాన్సరొచ్చింది. ఇంటిల్లిపాదీ రోడ్డున పడకూడదని చావుతో పోటీపడి ఆత్మకథ రాశాడు. 1885లో, రాయడం పూర్తిచేసిన కొద్ది రోజులకే పోయాడు. అచ్చేసిన కంపెనీ మార్క్ ట్వెయిన్‌ది. ఇవాళ్టికీ ఆ పుస్తకాన్ని వచనానికి నమూనాగా చూపిస్తారు. ఆ వచనం ఎక్కణ్ణించొచ్చింది? పదివేల మందికి అర్థమయ్యేలా ఉత్తరువులు రాసీ రాసీ వచ్చింది.

మేనకోడలు: ఆ పుస్తకంలోనే ఆయన ఒప్పుకున్నాడు మావయ్యా, కాలేజీలో పాఠాలు ఒక్కసారి మించి చదవలేదనీ, లైబ్రరీలోంచి నవలలు తెచ్చుకుని చదివాననీ. చూశారా, మళ్లీ దొంగచాటే. మీ బర్మా హీరో స్లిమ్ సంగతీ అంతే కదా?

మావయ్య: స్లిమ్ జోలికి రాకు.

మేనకోడలు: ఎందుకు రాకూడదు? జీతం చాలక పత్రికలకి కథలు రాసుకున్నాడు, సొంత పేరుతో కాదు, ఆంథొనీ మిల్స్ అని. స్లిమ్ అక్షరాలు వెనక నుంచి చదివితే మిల్స్. క్వెట్టాలో చదివి, కాంబర్లీలో పాఠాలు చెప్పినవాడు తన కథకి తన పేరు పెట్టుకోలేకపోయాడు!

మావయ్య: పెట్టుకున్నాడుగా చివరికి. 1956లో బర్మా యుద్ధం పుస్తకం సొంత పేరుతోనే వేశాడు. అందులో తను ఓడిపోయిన ప్రతిచోటా తప్పు నాది అని రాశాడు. నువ్వడిగిన కర్త అక్కడున్నాడు. ఫీల్డ్ మార్షల్ స్థాయి మనిషి అంత తిన్నగా ‘నేను’ అని రాయడం నేను ఇంకెక్కడా చదవలేదు. కథలు రాసినందువల్ల వచ్చిందో, ఉత్తరువులు రాసినందువల్ల వచ్చిందో మనిద్దరం ఎలా తేలుస్తాం?

ఈ దశలో డెలివరీ కుర్రాడి ఫోనొచ్చింది. పెరుగు తెప్పించాం. జేఎన్‌టీయూ దగ్గరున్నానన్నాడు. మా ఆవిడ ‘లోపలికి రండి, రైట్ తీసుకోండి, అక్కడే’ అని చెబుతోంది. కుర్రాడు ‘ఏ రైటు మేడమ్?’ అంటున్నాడు. మావయ్య ఫోను లాక్కుని, మెట్రో పిల్లరు నంబరు చెప్పి, ‘మియాపూర్ వైపు మొహం పెట్టి నిలబడు. నిలబడ్డావా? ఇప్పుడు నీ ఎడంచేతి వైపు మూడో సందు. చివర నీళ్ల ట్యాంకు. ట్యాంకు ఎదురుగా ఆకుపచ్చ గేటు’ అన్నాడు. మూడు నిమిషాల్లో పెరుగొచ్చింది. ఆయన మీసం దువ్వుకోవడం తప్ప ఏమీ అనలేదు. కూకట్‌పల్లిలో పిల్లర్ల మీద నంబర్లు వేసిన మహానుభావుడెవరో గానీ, ఈ ఊరికి సగం వ్యాకరణం ఆయనే రాశాడు.

మేనకోడలు: సరే, దారి చెప్పడం మీకొచ్చు. ఇప్పుడు నా అసలు ప్రశ్న. మీరు చెప్పిన కాలేజీలన్నీ ఆఫీసర్లవి. సిపాయి సంగతేంటి? ఈస్టిండియా కంపెనీవాడు 1809లో లండన్ దగ్గర అడిస్కాంబ్‌లో సొంత సైనిక కాలేజీ పెట్టుకున్నాడు. జాన్ షేక్‌స్పియర్ అని ఒకాయన, నాటకాలాయన కాదులెండి, అక్కడ కుర్ర ఆఫీసర్లకి హిందుస్తానీ చెప్పేవాడు. వాళ్ల సైన్యంలో మొదటి సిపాయిల్లో బోలెడుమంది మనవాళ్లు. ఉత్తరాదిన సిపాయి అంటే ‘తిలంగా’ అనే పేరు పడిపోయేటంతమంది. మరి ఆ తిలంగాకి తెలుగులో రాయడం ఎవరు నేర్పారు?

మావయ్య: ఎవరూ నేర్పలేదు.

మేనకోడలు: కంపెనీలో కొత్తగా చేరిన గుమాస్తా దొరకి ఉద్యోగం పేరే ‘రైటరు’. మన పోలీస్ స్టేషన్లో ఇప్పటికీ రైటరు ఉన్నాడు. రాసేవాడు ఒకడు, కాల్చేవాడు ఒకడు అని ముందే పంచేసుకున్నారు.

మావయ్య: పంచుకున్నా సిపాయి ఊరుకోలేదే! మొదటి ప్రపంచ యుద్ధంలో మనవాళ్లు ఫ్రాన్సులో కందకాల్లోంచి ఇంటికి ఉత్తరాలు రాసేవారు. రాయడం వచ్చినవాడు రాసుకునేవాడు, రానివాడు వచ్చినవాడితో రాయించుకునేవాడు. అన్నీ సెన్సారు ఆఫీసు తెరిచి చదివేది. అది తెలిసి ఏం చేశారు? నల్ల మిరియాలు అయిపోవచ్చాయి, ఇప్పుడు ఎర్ర మిరపకాయలు వాడుతున్నారు అన్నట్టు రాశారు. నల్లవి మనవాళ్లు, ఎర్రవి తెల్లోళ్లు. దినుసుల చీటీలా కనపడేది చావుల లెక్క! దీన్ని ఏ స్టాఫ్ కాలేజీ నేర్పింది?

మేనకోడలు: నా వాదన మీరు చెబుతున్నారేంటి?

మావయ్య: నిజం ఎవరి వాదనయినా చెప్పాలిగా. ఇంకా చెబుతా విను. నేను చేరేనాటికి క్లాసులో రోమన్ హిందీ. అంటే హిందీ మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో. బ్రిటిష్ వాడి కాలంలో రోమన్ ఉర్దూ ఉండేది, దాని వారసత్వం. శ్రీకాకుళం కుర్రాడు, పదో తరగతి, తెలుగులో ముత్యాల్లాంటి రాత. వాడిచేత ‘మై ఠీక్ హూ’ అని ఏబీసీడీల్లో రాయించేవాణ్ణి. వాడి మొహం చూస్తే నాకే సిగ్గేసేది. రాత్రి పూట బ్యారక్‌లో వాడే పదిమందికి ఇంటికి ఉత్తరాలు రాసిపెట్టేవాడు, తెలుగులో. అసలు క్లాసు అది. ఒక్కటి మాత్రం చెప్పాలి, సైనిక్ సమాచార్ పత్రిక తెలుగులో కూడా వచ్చేది. 1909లో ఫౌజీ అఖ్బార్‌గా ఉర్దూలో మొదలై, 1954లో పేరు మారి, పదమూడు భాషల్లో వేసేవాళ్లు. దాంట్లో మన తెలుగు అక్షరం కనపడితే కుర్రాళ్లు పాతదయినా దాచుకునేవాళ్లు.

మేనకోడలు: ఆఫీసర్లకేమో వ్యాసానికి బంగారు పతకం, సిపాయికి ఏబీసీడీలు.

మావయ్య: ఆ పతకం మాట తేలిగ్గా తీసెయ్యకు. 1870లో సిమ్లాలో యునైటెడ్ సర్వీస్ ఇన్‌స్టిట్యూషన్ పెట్టారు. ఆ వెంటనే పత్రిక, వ్యాసాల పోటీ, బంగారు పతకం. నూట యాభై ఏళ్ల తర్వాతా అది బతికే ఉంది. యూనిఫారంలో ఉన్నవాడు పైవాళ్లకి నచ్చని ఆలోచన కూడా అచ్చులో పెట్టడానికి అదొక కిటికీ. మన ఊరి సంగతే తీసుకో. సైనిక్‌పురిలో 1970 డిసెంబరులో డిఫెన్స్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది, 1980లో కాలేజీ అయింది. పెద్ద ర్యాంకు ఆఫీసర్లు దాదాపు ఏడాదిపాటు కూర్చుని చదువుతారు. పరిశోధనా వ్యాసం రాస్తారు. ఉస్మానియా డిగ్రీ ఇస్తుంది. యుద్ధాలు చేసొచ్చిన మనిషి నలభై దాటాక బల్ల ముందు కూర్చుని అధ్యాయాలు రాయడం చిన్న విషయమా?

మేనకోడలు: రాయడం చిన్న విషయం కాదు. రాయించుకోవడానికీ రాయడం నేర్పడానికీ తేడా ఉంది. డిసర్టేషన్ ఇమ్మంటారు సరే. అది ఎలా రాయాలో పక్కన కూర్చుని చెప్పేవాళ్లెవరు?

మావయ్య: (కాసేపాగి) నా చివరి ఉద్యోగం ఒక కాలేజీ లైబ్రరీలో. పేరెందుకులే. ఒక కల్నల్ వచ్చేవాడు. మంచి యోధుడు, మంచి మనిషి. మంచుకొండల్లో సరుకు రవాణా మీద వంద పేజీలు రాశాడు. నన్ను కామాలు చూసిపెట్టమన్నాడు. చదివాను. వంద పేజీల్లో ఎక్కడా మంచు లేదు! ఉన్నవల్లా పట్టికలు, ఇంగ్లీషోళ్ల పుస్తకాల పేర్లు. ‘సార్, మీరు అక్కడ రెండేళ్లున్నారు కదా, కిరోసిన్ గడ్డకట్టకుండా ఏం చేసేవారు?’ అని అడిగా. అరగంట చెప్పాడు. కళ్లకి కట్టినట్టు. ‘అది రాయండి సార్’ అన్నా. ‘సాబ్, అది రీసెర్చ్ కాదు’ అన్నాడు.

మేనకోడలు: మావయ్యా! అదే నేను పొద్దున్నుంచీ చెబుతున్నది.

మావయ్య: తెలుసు. వెస్ట్ పాయింట్‌లో ఇప్పుడు రైటింగ్ సెంటరు ఉందట. క్యాడెట్ తన చిత్తుప్రతి పట్టుకెళ్తే, సీనియర్ క్యాడెట్ కూడా పక్కన కూర్చుంటాడట. తప్పులు దిద్దడు, ప్రశ్నలు వేస్తాడు. ఇక్కడ నువ్వేం చెప్పదలిచావు, చదివేవాడికి ఇది ముందే తెలుసా అని. సాహిత్యం చెప్పే ప్రొఫెసర్ ఒకావిడ, ఎలిజబెత్ సామెట్, యుద్ధానికి వెళ్లబోయే పిల్లలకి కవిత్వం చెప్పిన అనుభవం మీద 2007లో పుస్తకమే రాసింది. ఎడ్గార్ పోని గెంటేసిన చోట, నూట డెబ్బయ్యారేళ్లకి! నేను పనిచేసినచోట అలాంటి బల్ల ఒకటి ఉండుంటే ఆ కల్నల్ మంచు గురించి రాసేవాడు. ఇంతవరకూ నీదే పైచెయ్యి. కానీ ఫారమ్మీద నీ కోపం మాత్రం నేనొప్పుకోను.

మేనకోడలు: ఫారానికి ఇంక రోజులు కూడా లేవు మావయ్యా. మా టీములో పన్నెండు మందిమి ఉండేవాళ్లం, ఇప్పుడు అయిదుగురం. మాన్యువల్ ఏఐ రాస్తోంది, మేం దిద్దుతున్నాం. మీ అయిదు పేరాల ఉత్తరువు అది రెప్పపాటులో రాసి పడేస్తుంది. నంబర్లేసి, పెద్దక్షరాలతో సహా. ఫారంలో ఇమిడే రాత ఏదైనా మొదట యంత్రానికే పోతుంది.

మావయ్య: రాయనీ. రాశాక లూకన్ అడిగితే? ఏ తోపు అని?

మేనకోడలు: ఏదో ఒకటి చెబుతుంది. చాలా ధీమాగా చెబుతుంది.

మావయ్య: నోలన్ చెయ్యూపినట్టు.

(ఇద్దరూ ఒకేసారి నవ్వారు. ఇలా కలిసి నవ్వడం వీళ్ల వాదనల్లో అరుదు. నేను చిక్కుడుకాయలు తీసుకెళ్లి పొయ్యి మీద పెట్టొచ్చాను. వచ్చేసరికి మావయ్య గొంతు మారింది.)

మావయ్య: ఫారమ్మీద నీ కోపం ఒప్పుకోనన్నా కదా, ఎందుకో విను. 1971. నాకు పధ్నాలుగేళ్లు. మా వీధిలో ఒక ఇంటి కుర్రాడు డిసెంబరు యుద్ధంలో పోయాడు. ముందు టెలిగ్రామొచ్చింది. తర్వాత కొన్నాళ్లకి రెండు ఉత్తరాలొచ్చాయి, రెండూ ఇంగ్లీషు. మాస్టారు ఊళ్లో లేరు. నాకు ఇంగ్లీషులో మార్కులెక్కువని నన్ను పిలిచారు. వీధంతా అరుగు మీద. మొదటిది పోయిన కుర్రాడి పైఆఫీసరు చేత్తో రాసిన ఉత్తరం. గొలుసుకట్టు రాత, చాలా అందంగా ఉంది. పొడుగు పొడుగు వాక్యాలు. శౌర్యం గురించీ, త్యాగం గురించీ, మరణం గురించీ గొప్పగా రాసి ఉంటాడు, నాకు ముక్క అర్థం కాలేదు. వాళ్లమ్మ నా మొహంలోకే చూస్తోంది. ‘మీ అబ్బాయి చాలా మంచివాడని రాశారు’ అన్నా. అంతే చెప్పగలిగా. మూడు పేజీల ఉత్తరానికి!

మేనకోడలు: రెండోది?

మావయ్య: రికార్డ్ ఆఫీసుది. టైపు చేసింది. పేరాలకి నంబర్లు. ఒకటి, సైనికుడి నంబరు, ర్యాంకు, పేరు. రెండు, తేదీ, చోటు. మూడు, రావలసిన డబ్బు. నాలుగు, సొంత వస్తువులు. ఒక్కోటీ చదివి, ఆగి, ఊపిరి తీసుకుని తెలుగులో చెప్పా. నంబరు దగ్గర ఆగొచ్చు కదా, అందుకే చదవగలిగా. నాలుగో పేరాలో జాబితా. ట్రంకుపెట్టె ఒకటి. ఉన్ని మఫ్లరు ఒకటి. చేతి గడియారం ఒకటి, తోలు పట్టీ, అద్దం పగిలినది. అక్కడ ఆవిడ ‘మళ్లీ చదువు’ అంది. అద్దం పగిలినది. ‘అవును, సంక్రాంతికి వచ్చినప్పుడు బావి గట్టు మీద పడేసుకున్నాడు, బాగు చేయించుకోరా అంటే వినలేదు’ అంది. అప్పటిదాకా ఆవిడ ఏడవలేదు. టెలిగ్రాముకి ఏడవలేదు, మూడు పేజీల అందమైన ఉత్తరానికి ఏడవలేదు. పోయింది తన కొడుకేనని ఆవిడకి తెలిసింది అక్కడ. నాలుగో పేరాలో.

మా ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. బయట దుండిగల్ వైపు నుంచో హకీంపేట వైపు నుంచో ట్రైనింగ్ విమానం ఒకటి మా బిల్డింగు మీదుగా పోయింది.

మేనకోడలు: అద్దం పగిలినది అని రాసినవాడెవడో గుమాస్తా. పెట్టె తెరిచి చూశాడు. చూసింది రాశాడు. అది ఫారం గొప్పతనం కాదు మావయ్యా, వాడు చూడటం గొప్పతనం.

మావయ్య: ఫారంలో ‘వస్తువు స్థితి’ అని గడి ఉంది. ఆ గడి ఉంది కాబట్టి చూశాడు. లేకపోతే గడియారం ఒకటి అని రాసి పెట్టె మూసేసేవాడు.

మేనకోడలు: గడి ఉన్నా ‘పాతది’ అని రాసేవాళ్లు బోలెడుమంది.

మావయ్య: ఉన్నారు. వాళ్ల చేతే నేను ఇరవయ్యారేళ్లు మళ్లీ రాయించింది.

ఇక వీళ్లు ఒడ్డుకు రారని తెలిసి నేను కంచాలు పెట్టాను. తిన్నాక మావయ్య మావాణ్ణి పిలిచాడు. నోట్‌బుక్కు మూయించి, తెల్ల కాగితం ఇచ్చాడు. పన్నెండో బొమ్మ, నాలుగు నిమిషాలు, మొదలుపెట్టు అన్నాడు. ‘తెలుగులో రాయనీండి’ అంది మా ఆవిడ. వాడు బిక్కమొహం వేశాడు. మార్కులొస్తాయని ఇంటర్లో సంస్కృతం తీసుకున్నాడు, తెలుగు రాసి రెండేళ్లయింది. ఇంగ్లీషులోనే రాశాడు. మావయ్య గడియారం చూస్తూ నిలబడ్డాడు, తోలు పట్టీ గడియారం. టైమైపోయిందనేసరికి వాడు వాక్యం మధ్యలో ఉన్నాడు.

వరద లేదు, కలెక్టరు లేడు. ఒక కుర్రాడు ఒక ఇంటికి ఏదో చెప్పడానికి వెళ్తాడు, తలుపు కొట్టాలా వద్దా అని నిలబడిపోతాడు. అంతే ఉంది. మా ఆవిడ చదివి, ఇంకోసారి చదివి, కాగితం మావయ్యకిచ్చింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని, జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, మొదటి వాక్యంలో ‘అక్కడికి’ అన్న మాట చుట్టూ సున్నా చుట్టాడు.

‘ఎక్కడికిరా?’ అన్నాడు.